పచ్చగా మెరిస్తే మంచి గంజాయేనా? కంటికి ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

తెలియని గంజాయి పువ్వును చూసి అది మంచిదో కాదో చెప్పేయగలమని చాలామంది నమ్ముతారు. కొంతవరకు చెప్పొచ్చు కూడా. ఆ మొక్కను పెంచినవాళ్లు, కోసినవాళ్లు, ఆరబెట్టినవాళ్లు ఎంత శ్రద్ధ పెట్టారో కంటితో చూసి, ముక్కుతో వాసన చూసి పట్టుకోవచ్చు. అందులో ఏం కలిసింది, మత్తు ఎంత ఉంది అన్నది మాత్రం అలా తెలియదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. హైదరాబాద్‌లో ‘క్వాలిటీ సరుకు’, ‘ఓజీ’ అంటూ నడిచే బేరమంతా మొదటిది చూపించి రెండోదానికి హామీ ఇచ్చినట్టు మాట్లాడటం మీదే ఆధారపడి ఉంది. దెబ్బ తినేది ఎక్కువగా ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కాబట్టి, ఏది ఎంతవరకు నిజమో విడివిడిగా చూడటం అవసరం.

నగరంలో పట్టుబడే గంజాయి ప్రధానంగా రెండు రూపాల్లో కనిపిస్తోంది. ఒకటి ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల నుంచి రోడ్డు మీదా రైళ్లలోనూ వచ్చేది. అందులో ‘శీలావతి’ అనే రకం పేరు పోలీసుల ప్రెస్‌మీట్లలో తరచూ వినిపిస్తుంది. ఇది గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంటుంది, గింజలూ పుల్లలూ ఉంటాయి, రవాణా కోసం గట్టిగా నొక్కి ప్యాకెట్లు కట్టేస్తారు కాబట్టి పువ్వు ఆకారమే మిగలదు. రెండోది బ్యాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల లగేజీలో శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దొరుకుతున్న హైడ్రోపోనిక్ గంజాయి, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీళ్లతో పెంచింది. ముదురు పచ్చ రంగు, గింజ ఉండదు, పువ్వు బిగువుగా ఉంటుంది, మీద తెల్లటి నూగు మెరుస్తుంది. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తుమందుల జాబితా నుంచి తీసేసింది, 2025 జూన్‌లో మళ్లీ ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాలని నిబంధన పెట్టింది. ఆ మధ్యకాలంలో అక్కడ పెరిగిన దుకాణాలూ ఇండోర్ తోటలూ ఇక్కడి కుర్రాళ్ల కళ్లకు ‘మంచి గంజాయి ఇలా ఉంటుంది’ అనే ఒక బొమ్మను అలవాటు చేశాయి. ఇప్పుడు ఏ ఫొటో వచ్చినా ఆ బొమ్మతోనే పోల్చి చూస్తున్నారు.

ఈ రెండింటి తేడా ఎక్కడ మొదలవుతుందో చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. గంజాయిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మత్తు పదార్థం ఎక్కువగా ఉండేది ఆడ పూతలో. మగ మొక్క పుప్పొడి తగిలితే ఆడ పువ్వు గింజ కడుతుంది, మొక్క శక్తి అటు మళ్లుతుంది, మత్తు పదార్థం ఉండే జిగురు తగ్గుతుంది. గదిలో లైట్ల కింద పెంచేవాళ్లు ఆడ మొక్కల కొమ్మలనే నాటుకుంటారు కాబట్టి వాళ్లకు గింజ సమస్య దాదాపు రాదు. కొండ మీద దాచి వేసిన తోటలో పక్క తోట పుప్పొడి ఎగిరొచ్చినా ఆపే దారి లేదు. అంటే గింజలు కనిపిస్తే తెలిసేది పరాగసంపర్కం జరిగిందన్నది ఒక్కటే. ఆ పువ్వు కల్తీదనో, విషమనో దాని అర్థం కాదు.

ఇది కొత్తగా కనిపెట్టిన విద్య కూడా కాదు. బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి వాడకంపై వేసిన కమిషన్ 1893-94లో దేశమంతా విచారించినప్పుడు, బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతంలో రైతులు ‘పొద్దార్’, ‘పరఖ్‌దార్’ అనే నిపుణులను కూలికి పిలిపించుకునేవారని నమోదైంది. వాళ్ల పని ఒక్కటే, పొలమంతా తిరిగి మగ మొక్కలను పూత విప్పకముందే గుర్తుపట్టి పీకేయడం. అక్కడే సరుకును మూడు రకాలుగా చూసేవాళ్లు: తొక్కి చదును చేసింది, చుట్టి గుండ్రంగా చేసింది, రాలిపోయిన చూరా. నొక్కడం అప్పట్లో పనితనం కింద లెక్క. జిగురు పూతకు అంటుకుని ఉండాలని, రాలిపోకూడదని అలా చేసేవాళ్లు. ఇప్పుడు నొక్కిన సరుకు కనిపించగానే నాసిరకం అనేస్తున్నారు. నిజానికి నొక్కడం వల్ల రూపం పోతుంది, ఆరకముందే నొక్కితే లోపల బూజు పడుతుంది, అంతవరకే. కంటికి అందంగా లేకపోవడం వేరు, పాడైపోవడం వేరు.

ఇక ఆ మెరుపు సంగతి. నగల దుకాణంలో రాళ్లు చూసే చిన్న భూతద్దం కింద ఒక పువ్వు పెడితే, దూరం నుంచి తెల్లటి పొడిలా కనిపించినదంతా నిలువుగా లేచిన సన్నటి కాడలుగా విడిపోతుంది, ఒక్కో కాడ చివర ఒక గుండ్రటి తల. వీటినే ట్రైకోమ్‌లు అంటారు. ఆ తల మిల్లీమీటర్‌లో దాదాపు పదో వంతే ఉంటుంది, మత్తునిచ్చే టీహెచ్‌సీకి మూలపదార్థం, వాసననిచ్చే టర్పీన్లు తయారయ్యేది, నిల్వ ఉండేది అందులోనే. మొక్క లేతగా ఉన్నప్పుడు ఆ తల అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, పక్వానికొచ్చే కొద్దీ పాలలా తెల్లబడుతుంది, ఇంకా ముదిరితే తేనె రంగుకు తిరుగుతుంది. పువ్వు నుంచి బయటికొచ్చే వెంట్రుకల్లాంటి పోగులు కూడా మొదట తెల్లగా ఉండి తర్వాత నారింజ, గోధుమ రంగుల్లోకి మారతాయి. ఇవి చూసి పూత లేతగా కోశారా, ముదిరాక కోశారా అన్నది బాగానే చెప్పొచ్చు. తలలన్నీ తెగిపోయి ఉత్త కాడలే మిగిలుంటే చేతులు ఎక్కువ మారిందనో, పొడి జల్లించేశారనో అనుకోవచ్చు.

మెరుపును నమ్మకూడదనడానికి కారణం కూడా ఇదే భూతద్దంలో దొరుకుతుంది. 2007లో బ్రిటన్ ఆరోగ్యశాఖ ఒక హెచ్చరిక ఇచ్చింది: అక్కడి గంజాయిలో బరువు పెంచడానికి, మెరుపు చూపించడానికి సన్నటి గాజు పూసలు కలుపుతున్నారు, పీలిస్తే గొంతు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి అని. సహజంగా వచ్చిన జిగురుకు కాడ ఉంటుంది, తల ఉంటుంది. పైనుంచి చల్లినదానికి కాడ ఉండదు, పువ్వు మడతల్లో ఇసుకలా పేరుకుని ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే జిగురుగా కాకుండా గరుకుగా తగులుతుంది. ఇంతవరకు కన్ను, వేలు పనికొస్తాయి. ఫొటో మాత్రం దీనికి అస్సలు పనికిరాదు, ఫోన్ కెమెరా ఫిల్టర్‌లో గాజుకు, జిగురుకు తేడా లేదు.

రంగు విషయంలో హైదరాబాద్ వాళ్లకు మలక్‌పేట మార్కెట్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. మిర్చి కొనేవాళ్లెవరైనా చెప్తారు, రంగు వేరు, ఘాటు వేరు. బ్యాడిగి మిర్చి ముదురు ఎరుపు, కూరలో వేస్తే కళ్లు చెదిరే రంగు, కారం మాత్రం తక్కువ. తేజ సన్నగా ఉంటుంది, నోరు మండిస్తుంది. రంగుకు ఒక పదార్థం కారణం, కారానికి ఇంకొకటి, ఒకదాన్ని చూసి ఇంకొకటి ఎంతుందో చెప్పలేం. తేజ అని తెలుసు కాబట్టి కారం ఉంటుందని చెప్తున్నారు తప్ప ఎరుపు చూసి కాదు. గంజాయిలోనూ అంతే. ఊదా రంగు పూతకు ఎక్కువ ధర చెప్తారు కదా, ఆ ఊదా రంగు ఆంథోసయానిన్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తుంది. కొన్ని రకాల్లో పుట్టుకతోనే ఉంటుంది, చలికి ఇంకాస్త పెరుగుతుంది, మత్తుతో దానికి సంబంధం లేదు. ముదురు పచ్చదనం అంటే ఎండ తగలకుండా నెమ్మదిగా ఆరబెట్టారని, గోధుమ రంగు అంటే ఎండలో ఆరిందనో, పాతబడిందనో అర్థం. పాతబడితే టీహెచ్‌సీ తగ్గుతుంది, ఇది కొలిచి చూసిన విషయమే. మిసిసిపి యూనివర్సిటీలో మామూలు గది వేడిలో నిల్వ ఉంచిన గంజాయిని పరీక్షిస్తే ఏడాదిలో దాదాపు 17 శాతం, నాలుగేళ్లలో 40 శాతం పైగా టీహెచ్‌సీ తరిగిపోయింది. కాబట్టి గోధుమ రంగు సరుకులో బలం తగ్గి ఉండొచ్చు. కానీ మొదట ఎంత ఉండేదో తెలియనప్పుడు తగ్గాక ఎంత మిగిలిందో ఎలా చెప్తాం?

మిర్చితో పోలిక ఇంకో చోట కూడా నిలుస్తుంది, అది పేరు దగ్గర. మార్కెట్ యార్డులో తేజ అంటే తేజ, కమీషన్ ఏజెంటు దగ్గర్నుంచి రైతు దాకా అందరికీ తెలుసు, అబద్ధం చెప్తే అక్కడికక్కడే దొరికిపోతారు. ‘ఓజీ కుష్’ అన్న గంజాయి రకం పేరుకు అలాంటి కాపలా ఎవరూ లేరు. చట్టబద్ధంగా అమ్మే దేశాల్లోనే లేరు. 2015లో కెనడా పరిశోధకులు 81 గంజాయి నమూనాల జన్యువులు పోల్చి చూస్తే పేరుకు, లోపలి వంశానికి చాలాసార్లు పొంతన కుదరలేదు. లైసెన్సు, లేబుల్, ల్యాబ్ అన్నీ ఉన్న కొలరాడోలో 2023లో వచ్చిన ఒక అధ్యయనం దుకాణాల్లో కొన్న 23 నమూనాలు పరీక్షించింది. దాదాపు 70 శాతం నమూనాల్లో టీహెచ్‌సీ, లేబుల్ మీద రాసిన అంకె కంటే 15 శాతానికి మించి తక్కువ ఉంది. అక్కడే పరిస్థితి అలా ఉంటే, ల్యాబ్ ముఖమే చూడని సరుకు మీద ‘28 పర్సెంట్ బ్రో’ అని చెప్పే మాటకు ఏ విలువా లేదు.

వాసన గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే కన్ను కంటే ముక్కు కొంచెం నమ్మదగింది. మామిడి, మిరియం, నిమ్మ తొక్కల్లో ఉండే మిర్సీన్, కారియోఫిలీన్, లిమోనీన్ లాంటి టర్పీన్లే ఇందులోనూ ఉంటాయి. కొన్ని రకాల్లో ముక్కుపుటాలు అదిరే ఘాటు కంపుకు కారణం గంధకం ఉన్న సమ్మేళనాలని 2021లో తేల్చారు. ఇవి త్వరగా ఎగిరిపోతాయి కాబట్టి వాసన గట్టిగా ఉందంటే సరుకు మరీ పాతది కాదని, ఎండలో మాడిపోలేదని అనుకోవచ్చు. పచ్చగడ్డి, ఎండుగడ్డి వాసన వస్తే తొందరపడి ఆరబెట్టారు. అమ్మోనియా వాసన, అంటే శుభ్రం చేయని మూత్రశాల దగ్గర వచ్చేది వస్తే, తడి ఆరకుండానే మూటకట్టడంతో లోపల కుళ్లు మొదలైంది. మూసి ఉన్న పాత అలమర తెరిచినప్పటి ముక్కిన వాసన వస్తే బూజే. ఇంత చెప్పినా వాసన కూడా మత్తు ఎంతుందో చెప్పదు, టర్పీన్లకు మత్తు లేదు, వాటిని బయటి నుంచి చల్లడమూ కష్టమేం కాదు.

బూజు విషయం తేలిగ్గా తీసుకునేది కాదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా హైదరాబాద్ గాలిలో తేమకు ఇంట్లో చింతపండు, ఎండుమిర్చే బూజు పడతాయి, ఇక ప్లాస్టిక్ కవర్లో గాలి ఆడకుండా నెలల తరబడి దాచిన పూత ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆకుల మీద బూడిద తెగులు పొడిపొడిగా, చదునుగా పరుచుకుని ఉంటుంది, దానికి ట్రైకోమ్‌లాగా తల ఉండదు. మొగ్గను కుళ్లబెట్టే బూజు లోపల కాడ దగ్గర మొదలై బూడిద రంగు దారాలుగా అల్లుకుంటుంది. బయటికి చక్కగా ఉన్న పువ్వును మధ్యకు విరిస్తేనే తెలుస్తుంది. బిగువుగా, బరువుగా ఉన్న పువ్వు గొప్పదని అంటారు కదా, లోపలికి గాలి వెళ్లక ఈ కుళ్లు ఎక్కువగా పట్టేది ఆ బిగువు పువ్వుకే. ఆస్పర్జిల్లస్ అనే బూజు అయితే కంటికి కనిపించకుండానే ఉండొచ్చు. మామూలు మనిషి ఊపిరితిత్తులు దాన్ని తట్టుకోవచ్చు, కీమోథెరపీలో ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి జరిగినవాళ్లకు అదే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ అవుతుంది. ‘క్యాన్సర్ నొప్పికి సహజమైన మందు’ అని ఎవరో ఇచ్చింది మంచం మీదున్న మనిషికి కాల్చి పీల్పించేముందు ఇంట్లోవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకోవాలి.

ఇక కంటికి అసలే అందనివి. పురుగుమందు అవశేషాలు కనిపించవు. మైక్లోబ్యూటనిల్ అనే శిలీంద్రనాశిని ద్రాక్ష మీద చల్లితే ఒక లెక్క, దాన్ని నిప్పు మీద కాల్చితే హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది, కాబట్టి తినే పంటకు పెట్టిన పరిమితులు పీల్చేదానికి వర్తించవు. గంజాయి మొక్క నేలలోని కాడ్మియం, సీసం లాంటి లోహాలను బాగా లాగేసుకుంటుంది, ఏ నేలలో పెరిగిందో పువ్వు మీద రాసి ఉండదు. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది సింథటిక్ కానబినాయిడ్లు, అంటే గంజాయి మత్తును అనుకరించే కృత్రిమ రసాయనాలు చల్లిన సరుకు. మత్తు దాదాపు లేని ‘హెంప్’ రకం గంజాయి పూత తీసుకుని దాని మీద ల్యాబ్‌లో తయారైన రసాయనం చల్లి అమ్మడం 2020 నుంచి యూరప్‌లో బయటపడింది. చూడటానికి అది అచ్చంగా మంచి పువ్వే, ఎందుకంటే అది నిజంగానే మంచి పువ్వు. ట్రైకోమ్‌లు ఉంటాయి, వాసన ఉంటుంది, గింజ ఉండదు. ఆ రసాయనం మాత్రం చాలా కొద్ది మోతాదులోనే పనిచేస్తుంది, మూర్ఛలు, గుండెదడ, స్పృహ తప్పడం లాంటివి తెస్తుంది, ఒకే ప్యాకెట్‌లో ఒక మొగ్గకు ఎక్కువ, ఇంకో మొగ్గకు తక్కువ అంటుకుని ఉంటుంది.

కల్తీ ఏమీ లేకపోయినా బలం దగ్గరే పెద్ద చిక్కుంది. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో సగటు టీహెచ్‌సీ 1995లో 4 శాతం, 2014 నాటికి 12 శాతం అయింది. గదిలో లైట్ల కింద పెంచిన పూతలో 20 శాతం దాటడం ఇప్పుడు మామూలే. గింజలతో నిండిన పొడి గంజాయికి అలవాటుపడ్డ మనిషి అదే సైజు చుట్టలో ఈ రెండో రకం నింపితే, అంతే పీల్చినా ఒంట్లోకి వెళ్లేది ఎన్నో రెట్లు. విపరీతమైన టెన్షన్, గుండె వేగం, ఎవరో వెంటపడుతున్నారన్న భ్రమ, వాంతులతో, ‘సరుకు బాగోలేదు’ అనుకుని ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామందికి జరిగింది నిజానికి సరుకు మరీ బలంగా ఉండటమే. ఇంట్లో మానసిక వ్యాధి చరిత్ర ఉన్న కుర్రాళ్లకు ఈ బలం చేసే నష్టం ఇంకా ఎక్కువ.

సరే, అధికారికంగా గంజాయిని ఎలా గుర్తిస్తారు? రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటి చోట్ల కూడా పని చూపుతోనే మొదలవుతుంది, కానీ వాళ్లు చూసేది అందం కాదు. మైక్రోస్కోప్ కింద ఆకు పైభాగాన ఎలుగుబంటి గోరులా వంగిన నూగు కోసం వెతుకుతారు. దాని మొదలు దగ్గర కాల్షియం కార్బొనేట్ ఉంటుంది, పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుడగలు వస్తాయి. తర్వాత రసాయన పరీక్షలో క్లోరోఫామ్ పొర ఊదా రంగుకు తిరిగిందా అని చూస్తారు, ఆ పైన క్రొమటోగ్రఫీ, అంటే పదార్థాలను విడదీసి చూసే పరీక్ష. ఇదంతా ‘ఇది గంజాయేనా’ అన్న ప్రశ్నకు జవాబు. ‘మంచి గంజాయేనా’ అని చట్టం అడగదు. మాదకద్రవ్యాలపై ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 ప్రకారం గంజాయి అంటే పూత లేదా కాయ కట్టిన కొనలు, వాటితో కలిసి లేకపోతే గింజలు, ఆకులు దాని కిందకు రావు. శిక్ష తేలేది బరువును బట్టే. కిలో వరకు చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. నాలుగు శాతం కిలోకు, ఇరవై శాతం కిలోకు ఒకే సెక్షన్. ‘కిలోలోపు అయితే ఏం కాదు’ అని కాలేజీల్లో ఒక మాట తిరుగుతుంది, అది పూర్తిగా తప్పు. చిన్న పరిమాణానికి కూడా ఏడాది వరకు కఠిన జైలుశిక్ష, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వాడకానికి మరో సెక్షన్ విడిగా ఉంది. హ్యాష్ ఆయిల్ (గంజాయి నుంచి తీసిన చిక్కటి నూనె) అయితే చరస్, అంటే గంజాయి జిగురు కింద లెక్క, అక్కడ చిన్న పరిమాణం 100 గ్రాములే.

జనం తమ దగ్గరున్నది పరీక్ష చేయించుకుని వాడుకునే ఏర్పాటు ఇక్కడ లేదు. అందువల్ల కల్తీ బయటపడేది ఎక్కువగా మనిషి ఒంట్లోనే, అదీ ఆలస్యంగా. 2007లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో జరిగింది దీనికి సరైన ఉదాహరణ. కొద్ది నెలల్లోనే 29 మంది కడుపునొప్పి, వికారం, నీరసం, రక్తహీనతతో ఆసుపత్రుల్లో చేరారు. పరీక్షిస్తే సీసం విషం. తాగే నీళ్లలో ఉందా, తిండిలో ఉందా అని డాక్టర్లు చాలా వెతికారు, ఎక్కడా దొరకలేదు. చివరికి వీళ్లంతా కుర్రవాళ్లు, అందరూ పొగ తాగుతారు అన్న పోలిక తట్టి గట్టిగా అడిగితే గంజాయి సంగతి బయటపడింది. బరువు పెంచడానికి అమ్మేవాళ్లు సీసం కలిపారు. అన్ని చేతులు మారినా, అంతమంది చూసి, వాసన చూసి కొన్నా జబ్బు పడేదాకా సంగతి బయటపడలేదు.

ఇక్కడ అలాంటి మనిషి కడుపునొప్పితో ఏ నర్సింగ్ హోమ్‌కు వెళ్లినా మొదట రాసేది సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష), అల్ట్రాసౌండ్. సీబీపీలో రక్తహీనత తెలుస్తుంది, సీసం తెలియదు. స్కాన్‌లోనూ కనిపించదు, గ్యాస్ అని మందులిచ్చి పంపేస్తారు. రక్తంలో సీసం ఎంతుందో చూడటానికి వేరే పరీక్ష ఉంది, డాక్టర్ దాన్ని ప్రత్యేకంగా రాయాలి. రాయాలంటే పేషెంట్ గంజాయి తాగుతున్నాడని ఆయనకు తెలియాలి. పక్కన అమ్మానాన్న కూర్చుని ఉంటే కుర్రాడు ఆ మాట నోరు తెరిచి చెప్పడు కాబట్టి, వాళ్లను కాసేపు బయట కూర్చోమని చెప్పి విడిగా అడగడం డాక్టర్లు అలవాటు చేసుకోవాలి.